పొట్లాలలో ప్రయాణించే మాట

సూరత్‌లో పంపిన పలుకు సిరిసిల్లలో వినిపించడానికి వెనుక ఎన్ని తీగలు, ఎన్ని యంత్రాలు, ఎన్ని ఒప్పందాలు పనిచేస్తున్నవో తెలుసుకోవడం వినోదం మాత్రమే కాదు. నేటి రోజుల్లో అది ఆత్మరక్షణ కూడ.

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ నగరానికీ తెలుగువారికీ గల చుట్టరికం మగ్గం కలిపినది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలకు చెందిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో తరతరాలుగా అక్కడి మరమగ్గాలను నమ్ముకుని వలసపోయాయి. లింబాయత్, పర్వత్ పాటియా వంటి పేటలలో నడుస్తుంటే తెలుగు మాట చెవిని పడుతుంది. ఆశ్వయుజంలో బతుకమ్మ పాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడుపుతూ వచ్చింది.

ఇంత దూరం పోయినవారికి ఊరితో బంధం నిలిపినది ఒకప్పుడు తపాలా శాఖయే. నెలకొక ఉత్తరం, పండుగకొక మనియార్డరు. మనదేశంలో 1880లో మొదలైన మనియార్డరు పద్ధతి ఎన్ని పల్లెటూళ్లలో పొయ్యి వెలిగించిందో లెక్కకట్టడం కష్టం. ఉత్తరం తెచ్చిన తపాలా జవానే దాన్ని చదివిపెట్టేవాడు. సొమ్ము ఎంచి చేతిలో పెట్టేవాడు. ఆ వ్యవస్థలో ప్రతి మెట్టు మీద ఒక మనిషి కనిపించేవాడు.

నేడు ఆ మనిషి స్థానాన్ని అరచేతిలో ఇమిడే యంత్రం ఆక్రమించింది. సొమ్ము పంపడం, ముఖం చూస్తూ మాట్లాడడం, రైలు టిక్కెట్టు కొనడం అన్నీ దానిలోనే. ఈ సౌకర్యానికి మనం ఎంత త్వరగా అలవాటుపడ్డామో, దాని స్వరూపాన్ని గ్రహించడంలో అంత వెనుకబడ్డాము. దారి తెలియని బాటసారిని మోసగించడం సులభం. కనుక ఆ దారిని ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి చూడడం మంచిది.

సూరత్‌లో ఒక నేతకార్మికుణ్ణి ఊహించుకోండి. రాత్రిపాళీ ముగించుకుని గదికి వచ్చాడు. తాను నేసిన కొత్త రకం బట్టను ఫొటో తీసి, దాని కింద 'అమ్మ' అనే పిలుపు చేర్చి, సిరిసిల్లలో ఉన్న తల్లి ఫోనుకు పంపాడు. కన్ను మూసి తెరిచేలోగా అది చేరింది. ఈ లోపల జరిగినదేమిటి?

చిల్లు ఉన్నదా, లేదా?

యంత్రానికి అక్షరాలు తెలియవు, రంగులు తెలియవు. దానికి తెలిసినవి రెండే స్థితులు: విద్యుత్తు ఉన్నది, లేదు. ఈ రెండింటినే 1 అనీ 0 అనీ వ్రాసుకుంటారు. ఇటువంటి ఒక్కొక్క అంకెకు 'బిట్' అని పేరు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక 'బైట్'.

ఈ సంగతి జకార్డు మగ్గం ఎరిగిన నేతగానికి కొత్తగా తోచదు. ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో రూపొందించిన ఆ మగ్గంలో పువ్వులనూ తీగెలనూ చిల్లులు పొడిచిన అట్టలు నిర్ణయిస్తాయి. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగుపోగు పైకి లేస్తుంది. లేనిచోట కిందనే ఉండిపోతుంది. ఎంత సొగసైన డిజైను అయినా చివరకు 'చిల్లు ఉన్నది', 'చిల్లు లేదు' అనే రెండు మాటలలోకి దిగవలసిందే. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన గణనయంత్రానికి ఈ అట్టలనే ఆదర్శంగా తీసుకున్నాడు. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చాడు. కంప్యూటర్ వంశవృక్షంలో ఒక వేరు మగ్గం గుంటలో ఉన్నదన్నమాట.

అక్షరాలకు కూడ ఇదే పద్ధతి. ప్రపంచంలోని లిపులన్నింటికీ వరుస సంఖ్యలు కేటాయించిన 'యూనికోడ్' అనే ఒప్పందం 1991లో వెలువడింది. దాని ప్రకారం తెలుగు 'అ' సంఖ్య 3077. 'మ' సంఖ్య 3118. ఒత్తును సూచించే పొల్లు సంఖ్య 3149. 'అమ్మ' అన్న మాటలో యంత్రం లెక్కలో నాలుగు గుర్తులు ఉన్నాయి: అ, మ, పొల్లు, మళ్లీ మ. నేడు విరివిగా వాడుకలో ఉన్న పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అనగా 24 బిట్లు పడతాయి. అంటే 'అమ్మ' అని పిలవడానికి 96 సార్లు 'ఉన్నది, లేదు' అని చెప్పాలి. తొంభైయారు చిల్లుల అట్ట అనుకుంటే సరి. ఫొటో సంగతి చెప్పనక్కరలేదు. మామూలు ఫొటో 3 లక్షల బైట్లు ఉండవచ్చును.

పొట్లాలు కట్టే విద్య

ఈ 3 లక్షల బైట్లను పంపడం ఎలా? పాత టెలిఫోను పద్ధతి ఒకటి ఉన్నది. ట్రంకు కాల్ చేసిన తరం వారికి అది బాగా తెలుసు. సూరత్ నుంచి హైదరాబాదుకు మాట్లాడాలంటే నడుమ ఉన్న ఎక్స్ఛేంజీలు ఒకదానికొకటి తీగ కలిపి, మాట ముగిసేదాకా ఆ దారి మొత్తాన్ని ఒక్కరికే కేటాయించేవి. మాట్లాడినా ఖర్చే, మౌనంగా ఉన్నా ఖర్చే. నడుమ ఎక్కడ తీగ తెగినా మాట ఆగిపోయేది.

1960 తర్వాత ఇద్దరు వ్యక్తులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, దీనికి విరుద్ధమైన ఆలోచన చేశారు. అమెరికాలోని రాండ్ సంస్థలో పనిచేసిన పాల్ బారన్ ఒకరు. బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన డోనాల్డ్ డేవిస్ మరొకరు. సందేశాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మీదా చిరునామా వ్రాసి, వేటి దారిన వాటిని వదిలివేయవచ్చును గదా అన్నది వారి ఊహ. ఆ ముక్కకు 'ప్యాకెట్' అని పేరు పెట్టినవాడు డేవిస్. తెలుగులో పొట్లం అంటే చక్కగా అతుకుతుంది.

రైలు ప్రయాణం తెలిసినవారికి దీని లాభం వెంటనే స్ఫురిస్తుంది. సూరత్ నుంచి తెలంగాణకు భుసావళ్, బల్లార్షా మీదుగా వరంగల్ చేరవచ్చును; కల్యాణ్, సోలాపూర్, వాడి మీదుగా సికింద్రాబాదు కూడ చేరవచ్చును. వంద మూటల సరుకు ఉన్నప్పుడు, అన్నీ ఒకే బండిలో పోవలసిన పని లేదు. ఒక దారిలో వరద వస్తే మిగిలిన మూటలను రెండవ దారికి మళ్లించవచ్చును. మూటల మీద '100లో 1', '100లో 2' అని వరుస వ్రాసి ఉంటే ముందూ వెనుకగా చేరినా అందుకున్నవాడు సర్దుకుంటాడు.

ఇంటర్నెట్‌లో జరిగేది ఇదే. ఒక పొట్లంలో సాధారణంగా 1,500 బైట్లకు మించి పట్టవు. మన నేతకార్మికుని ఫొటో సుమారు 200 పొట్లాలుగా విడిపోతుంది. ప్రతిదాని మీద పంపినవాని చిరునామా, అందుకోవలసినవాని చిరునామా, వరుస సంఖ్య ఉంటాయి. అదే తీగ మీద ఆ క్షణంలోనే వజ్రాల వ్యాపారి లెక్కలు, విద్యార్థి పాఠం, ఎవరో చూస్తున్న సినిమా అన్నీ ఒకదాని సందున ఒకటి దూరి సాగిపోతుంటాయి. తీగ ఎవరి సొంతమూ కాకుండా అందరికీ పనికివస్తుంది. ఇంటర్నెట్ చౌకగా దొరకడానికి మూలకారణం ఈ పంచుకోవడమే.

ఈ పద్ధతి మీద అమెరికా రక్షణశాఖ ఖర్చుతో నిర్మించిన 'అర్పానెట్' అనే వలలో తొలి సందేశం 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు బయలుదేరింది. 'లాగిన్' అనే మాట పంపదలచారు. మొదటి రెండు అక్షరాలు చేరగానే అవతలి యంత్రం నిలిచిపోయింది! సుమారు గంట తర్వాత మరల ప్రయత్నించి కృతకృత్యులయ్యారు. అణుయుద్ధాన్ని తట్టుకోవడానికే ఈ వలను నిర్మించారని ఒక ప్రచారం ఉన్నది. బారన్ ఆలోచన వెనుక ఆ భయం ఉన్న మాట నిజమే. అర్పానెట్ ముఖ్యోద్దేశం మాత్రం దూరదూరాన ఉన్న ఖరీదైన కంప్యూటర్లను పరిశోధకులు పంచుకోవడమే.

ఒక వలను మరొక వలతో కలపడం తర్వాతి సమస్య. ఒక్కొక్కటి ఒక్కొక్క భాష మాట్లాడుతుంటే కలయిక ఎట్లా? వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇద్దరు 1974లో దీనికి ఒక ఉమ్మడి మర్యాదను ప్రతిపాదించారు. దానికే తర్వాత 'టీసీపీ–ఐపీ' అని పేరు వచ్చింది. 1983 జనవరి 1న అర్పానెట్ ఈ పద్ధతికి మారింది. వలలను కలిపే వల గనుక ఇంటర్నెట్.

మనదేశంలో విద్యా పరిశోధన సంస్థలను కలిపే 'ఎర్నెట్' 1986లో ఆరంభమైంది. సామాన్య ప్రజలకు విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ తలుపు తెరిచింది. నాటి టెలిఫోను తీగ మీద సెకనుకు 9,600 బిట్ల వేగం లభించేది. ఆ వేగంతో మన ఫొటో చేరడానికి నాలుగు నిమిషాలకు పైగా పట్టి ఉండేది.

చిరునామా, దారి, రశీదు

పొట్లం మీద వ్రాసే చిరునామా అంకెలతో ఉంటుంది. పాత పద్ధతిలో అది నాలుగు సంఖ్యల కూర్పు. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. ఇటువంటి చిరునామాలు మొత్తం 429 కోట్ల 49 లక్షల పైచిలుకు వీలవుతాయి. 1980 ప్రాంతంలో ఇది తరగని నిధివలె కనిపించింది. కాని ప్రపంచ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయిపోయింది. అందుకే 128 బిట్ల పొడవుగల కొత్త చిరునామాలు ప్రవేశపెట్టి, రెండింటినీ పక్కపక్కనే నడుపుతున్నారు.

ఈలోగా ఒక ఉపాయం కూడ ఆదుకుంటున్నది. సూరత్ రింగ్‌రోడ్డు మీద ఉన్న బట్టల మార్కెట్లను చూసినవారికి అది తేలికగా బోధపడుతుంది. వందల దుకాణాలున్న మార్కెట్‌కు వీధిలో చిరునామా ఒక్కటే; లోపల దుకాణాల నంబర్లు వేరు. అదే విధంగా ఒక ఇంటికి లేదా కార్యాలయానికి బయట ఒకే చిరునామా ఉంటుంది. లోపలి ఫోన్లకూ కంప్యూటర్లకూ సొంత నంబర్లు ఉంటాయి. గుమ్మం దగ్గర ఉన్న పెట్టె బయటి నుంచి వచ్చిన పొట్లాన్ని సరైన గదికి అందిస్తుంది. ఆ పెట్టె పేరు 'రూటర్'. ఇంటిలోపలి ఈ చిన్న వలకు 'లాన్' అని పేరు. తీగ లేకుండా రేడియో తరంగాలతో దానిని నడిపితే అది వైఫై.

వీధిలోకి వచ్చిన పొట్లాన్ని ముందుకు నడిపేవి కూడ రూటర్లే; అవి పెద్దవి, బలమైనవి. వీటిలో ఏ ఒక్కదానికీ సూరత్ నుంచి సిరిసిల్ల దాకా మొత్తం దారి తెలియదు. రైల్వే జంక్షనులో పాయింట్‌మన్ వలె 'ఈ చిరునామా గలది ఆ వైపు' అని తన తర్వాతి మజిలీని మాత్రమే చూపుతుంది. దారితప్పిన పొట్లాలు అనంతంగా తిరుగుతూ తీగలను నింపివేయకుండా ఒక జాగ్రత్త ఉన్నది. బయలుదేరేటప్పుడు ప్రతి పొట్లం మీద 64 వంటి ఒక సంఖ్య వేస్తారు. ప్రతి రూటరూ అందులో ఒకటి తగ్గిస్తుంది. సున్న అయితే పొట్లాన్ని పారవేస్తారు.

పారవేసిన పొట్లం గతి ఏమిటి? ఇక్కడ రిజిస్టరు తపాలా పద్ధతి పనికివస్తుంది. అందుకున్న యంత్రం 'ఇంతవరకు చేరినవి' అని రశీదు పంపుతుంది. రశీదు రాకపోతే పంపిన యంత్రం ఆ ముక్కను మరల పంపుతుంది. ఫొటోలో ఒక్క చుక్క చెదరకుండా చేరడం ఈ పద్ధతి చలవే. ముఖం చూస్తూ మాట్లాడేటప్పుడు మాత్రం అంత ఓపిక పట్టడం కుదరదు. అర సెకను కిందటి పెదవి కదలిక ఇప్పుడు వచ్చి లాభం లేదు. అందుచేత అక్కడ సాధారణంగా రశీదులు లేని పద్ధతి వాడతారు, పోయినది పోయినట్లే. తల్లి ముఖం తెరమీద ఒక్కొక్కసారి గళ్లు గళ్లుగా చెదరడానికి కారణం ఇదే.

మనుషులకు అంకెలు జ్ఞాపకం ఉండవు గనుక పేర్లు కావలసివచ్చాయి. పేరు చెబితే అంకెల చిరునామా వెతికిపెట్టే ఏర్పాటును పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించాడు. దాన్ని ఇంటర్నెట్ చిరునామాల పుస్తకం అనవచ్చును. అది ఒక్కచోట లేదు. ప్రపంచమంతటా పరుచుకున్న వేలాది యంత్రాలు తలా ఒక భాగం మోస్తున్నాయి. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన 'వరల్డ్ వైడ్ వెబ్' ఇంకా పై అంతస్తు. ఇంటర్నెట్ రోడ్డు అయితే వెబ్ ఆ రోడ్డు మీద నడిచే ఒక బండి మాత్రమే. ఈమెయిలు, ఫోను మాటలు, సొమ్ము లావాదేవీలు ఇతర బండ్లు.

గాజుపోగు మీద వెలుగు

ఇంటర్నెట్ ఆకాశం నుంచి, ఉపగ్రహాల ద్వారా వస్తుందని చాలామంది అనుకుంటారు. ఉపగ్రహాల మీద నడిచే సేవలు లేకపోలేదు గాని, పెద్ద బరువు మోసేది నేల మీది, సముద్రం కింది తీగలే. ఫోను నుంచి సమీపంలోని టవరు దాకా మాత్రమే రేడియో తరంగం. అక్కడి నుంచి చాలా వరకు గాజుతో తీసిన పోగులు. తలవెంట్రుక మందం ఉండే ఆ పోగులో వెలుగు మినుకుమినుకుమంటూ పరుగెడుతుంది: వెలుగు ఉంటే 1, లేకుంటే 0. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. పోగలదు. సూరత్‌కూ సిరిసిల్లకూ నడుమ ఆకాశమార్గాన దూరం సుమారు 700 కి.మీ. ఒకే తిన్నని పోగు ఉంటే ఆ దూరం దాటడానికి సెకనులో 280వ వంతు చాలును.

కాని దారి తిన్నగా ఉండదు. మన నేతకార్మికుని ఫొటో నేరుగా తల్లి ఫోనుకు పోదు. ముందుగా ఆ సందేశ సేవను నడిపే కంపెనీ వారి యంత్రశాలకు పోతుంది. ఎల్లప్పుడు మేల్కొని ఉండి అడిగినవారికి అందించే అటువంటి కంప్యూటర్లకు 'సర్వర్లు' అని పేరు. తల్లి ఫోను ఆపివేసి ఉంటే సందేశం అక్కడ కాచుకుని ఉంటుంది. ఆ యంత్రశాల ముంబయిలో ఉండవచ్చును. సముద్రాల అవతల ఉండవచ్చును. ఒకప్పుడు మనదేశంలోని రెండు పట్టణాల నడుమ నడిచే సందేశం కూడ విదేశాలు చుట్టి వచ్చే పరిస్థితి ఉండేది. దేశంలోని సర్వీసు కంపెనీలు ఇక్కడే పొట్లాలు మార్చుకోవడానికి వీలుగా 2003లో 'నిక్సీ' అనే సంస్థను నెలకొల్పారు.

విదేశాలకు పోయే పొట్లాలు ముంబయి, చెన్నై వంటి తీరాల దగ్గర సముద్రంలోకి దిగుతాయి. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రం కింది తీగలు తెగినప్పుడు మనదేశంలో ఇంటర్నెట్ బాగా మందగించింది. అయినా పూర్తిగా నిలిచిపోలేదు. పొట్లాలు తూర్పు సముద్రాల మీదుగా మళ్లాయి. పాల్ బారన్ కాగితం మీద గీసిన వల పరీక్షకు నిలిచిందని చెప్పవచ్చును. కాని ఇంటికి వచ్చే చివరి తీగకు రెండవ దారి సాధారణంగా ఉండదు. అది తెగితే ఆ ఇంటికి ప్రపంచం తెగినట్లే.

నడుమ మూగది, కొసలలో తెలివి

ఇంతవరకు చెప్పినదానిలో ఒక విశేషం పాఠకులు గమనించి ఉంటారు. నడుమ ఉన్న రూటర్లు పొట్లం చిరునామా చూస్తాయే గాని, లోపల ఏమున్నదో పట్టించుకోవు. అది తల్లికి పంపిన ఫొటోనా, దొంగ పంపిన వలయా అన్న విచక్షణ వాటికి లేదు. ఇది లోపం వల్ల జరిగినది కాదు. ఆలోచించి ఎంచుకున్న పద్ధతి. సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1984లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ సూత్రాన్ని విపులంగా చర్చించారు. సరిగా చేరినదా, నమ్మదగినదా అని పూర్తిగా తేల్చగలిగేవి రెండు కొసలే. నడుమ దారిని వీలైనంత సరళంగా ఉంచాలి అన్నది దాని సారాంశం. ఈ సరళత వల్లనే, రోడ్డు మార్చకుండా ఎన్ని కొత్త బండ్లయినా ఎక్కించగలిగారు. దానికి చెల్లించవలసిన మూల్యం ఒకటి ఉన్నది: జాగ్రత్తపడే భారం చాలావరకు కొసన ఉన్నవారి మీద పడింది.

సూరత్‌కు ఈ నీతి కొత్తది కాదు. 17వ శతాబ్దంలో అది మొఘల్ సామ్రాజ్యానికి ప్రధానమైన ఓడరేవు. విర్జీ వోరా వంటి కోటీశ్వరులకు నిలయం. నాడు వర్తకులు దొంగల భయం ఉన్న దారుల మీద రొక్కం మోసుకుపోయేవారు కారు. సూరత్‌లో షరాబు దగ్గర సొమ్ము కట్టి హుండీ వ్రాయించుకునేవారు. ఆగ్రాలోని షరాబు ఆ కాగితం చూసి సొమ్ము ఇచ్చేవాడు. ఈస్టిండియా కంపెనీ వారు కూడ ఈ హుండీలను ఆశ్రయించారు. కాగితం మోసుకుపోయిన వార్తాహరునికి లోపలి సంగతితో పని లేదు. వ్రాత గుర్తుపట్టడం, మాట నిలబెట్టడం రెండు కొసలలోని షరాబుల పని.

2016లో మనదేశంలో ఆరంభమైన యూపీఐ చెల్లింపు కూడ స్థూలంగా ఇదే పద్ధతి. తీగ మీద రూపాయలు ప్రయాణించవు. ఒక బ్యాంకు పద్దులో తగ్గించమనీ, మరొక బ్యాంకు పద్దులో పెంచమనీ ఆజ్ఞలు మాత్రమే పొట్లాలుగా పోతాయి. ఆ ఆజ్ఞ మీద సంతకం వంటిది నాలుగు లేదా ఆరు అంకెల పిన్. షరాబు సంతకాన్ని ఎవరికైనా అరువిచ్చేవాడా?

మరి దారిలో ఎవరైనా పొట్లం విప్పి చదివితే? తొలినాళ్ల ఇంటర్నెట్‌లో సందేశాలు పోస్టుకార్డుల వంటివి. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రకటించిన కొత్త రహస్యలిపి విధానం దీనికి మందు చూపింది. ఎప్పుడూ కలుసుకోని ఇద్దరు, అందరూ వింటున్న తీగ మీదనే, మూడవవాడికి తెలియని తాళంచెవిని ఏర్పరచుకోగలరని వారు నిరూపించారు. తెరమీద చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తుకు మూలం అదే. అయితే ఆ తాళం హామీ ఇచ్చేది ఒక్కటే: దారిలో ఎవరూ వినడం లేదని. అవతలి కొసన ఉన్నవాడు సత్యవంతుడని అది చెప్పదు. దొంగ కూడ తన తలుపుకు మంచి తాళం వేసుకోగలడు.

కొసన ఉన్నవారు తెలుసుకోవలసినవి

ఊరుగాని ఊరిలో, భాషగాని భాష నడుమ, రాత్రనక పగలనక పనిచేసి కూడబెట్టిన సొమ్ము ఒక్క ఫోను మాటతో పోగొట్టుకుంటే ఆ కుటుంబం కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. పైన చెప్పిన వ్యవస్థను అర్థం చేసుకున్నవారికి ఈ కింది జాగ్రత్తలు కంఠస్థం చేయనక్కరలేదు. అవి తమంతట తామే తోస్తాయి.

మొదటిది: పిన్ అనేది సొమ్ము ఇచ్చే ఆజ్ఞ మీద సంతకం. సొమ్ము పుచ్చుకోవడానికి సంతకం అక్కరలేదు. 'మీకు డబ్బు వేస్తాము, పిన్ నొక్కండి' అని ఎవరన్నా ఆ మాటలోనే మోసం బయటపడుతున్నది. ఫోనుకు వచ్చే ఓటీపీ సంగతి కూడ ఇంతే. 'ఈ కొసన ఉన్నది నిజంగా నీవేనా?' అని బ్యాంకు వేసే ప్రశ్నకు అది జవాబు. ఆ జవాబును మరొకరికి చెప్పడమంటే మన కుర్చీలో వారిని కూర్చోబెట్టడమే.

రెండవది: వెబ్ పేర్లను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉత్తరం మీద చివరి పంక్తిలో ఉన్న ఊరు ఎటువంటిదో, పేరులో చివర ఉన్న భాగం అటువంటిది. 'నాబ్యాంకు.బహుమతి.కామ్' అని ఉంటే అది బ్యాంకుది కాదు. 'బహుమతి' అనే పేరు కొన్నవాడిది. ముందు ఏ పేరైనా తగిలించుకునే స్వేచ్ఛ వాడికి ఉన్నది. ఈ గందరగోళం తగ్గించడానికే భారత రిజర్వు బ్యాంకు 2025లో మన బ్యాంకులన్నీ 'బ్యాంక్.ఇన్' అనే కొసగల పేర్లకు మారాలని ఆదేశించింది.

మూడవది: తెరమీద కనిపించే పేరు, ఫొటో, పోలీసు దుస్తులు ఇవన్నీ పొట్లాలలో వచ్చిన బిట్లే. వాటిని ఎవరైనా తయారుచేయవచ్చును. 'డిజిటల్ అరెస్టు' అనే మాట మన చట్టంలో ఎక్కడా లేదు. ఫోను తెరమీద మనిషిని బంధించే అధికారం ఏ అధికారికీ లేదు. సందేహం కలిగినప్పుడు ఆ సంభాషణ ముగించి, బ్యాంకు పుస్తకం మీదనో కార్డు వెనుకనో అచ్చువేసి ఉన్న నంబరుకు మనమే ఫోను చేయాలి. అనగా అవతలి కొసను మనం ఎంచుకోవాలి. అది మనల్ని ఎంచుకోకూడదు.

నాల్గవది: మోసం జరిగిపోతే సిగ్గుపడి దాచకూడదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. యూపీఐ ఆజ్ఞ ఎంత వేగంగా పోయిందో, దొంగ ఖాతా నుంచి సొమ్ము అంత వేగంగానే చేతులు మారుతుంది. దాన్ని మధ్యలో నిలిపివేయడానికి మిగిలే వ్యవధి చాలా తక్కువ. ఆ వ్యవధిని సంకోచంతో వృథా చేయడం దొంగకు చేసే ఉపకారం.

పల్లెలో ఉన్న తల్లిదండ్రులకు ఫోను కొని ఇచ్చే కొడుకులూ కూతుళ్లూ దానితోపాటు ఈ నాలుగు మాటలు కూడ వారి భాషలో, ఓపికగా విప్పి చెప్పవలసి ఉన్నది. ఒకనాడు ఉత్తరం చదివిపెట్టిన తపాలా జవాను చేసిన పని ఇప్పుడు వారిది. గాజుపోగు తన మీద ఎక్కించినదాన్నల్లా నమ్మకంగా మోసుకుపోతుంది. మంచి చెడ్డలు ఎంచడం దాని పని కాదు. ఆ పనిని అది మనకు వదిలిపెట్టింది.